క్రుంగిన కారు - అరిగిన టైరు

మోటారుకారు ఎంత పెద్దదైనను దానికిని నేలకును గల సంబంధమంతయు నాలుగు అరచేతులంత చోటనే యున్నది. ఒక్కొక్క టైరు నేలను తాకు భాగము ఇంచుమించుగా ఒక అరచేయి ప్రమాణము. వేగముగా సాగుటకును, మలుపు తిరుగుటకును, బ్రేకు వేసినప్పుడు నిలుచుటకును ఆధారము ఆ నాలుగు చోట్లే. కావున చక్రము నేలమీద ఏ తీరున నిలిచియున్నది, ఏ దిక్కునకు చూచుచున్నది అను విషయము కారు గల ప్రతివారును తెలిసికొనదగినది. ముఖ్యముగా కారు ఎత్తు తగ్గినప్పుడు ఈ రెండును మారిపోవును. ఆ మార్పు కంటికి కనబడదు. కొంతకాలమునకు టైరు అరిగిపోయి దానిని చెప్పును.

ఎత్తు తగ్గించుట ఒక వేడుకగా నేడు పట్టణపు యువకులలో వ్యాపించినది. ఈ వేడుక క్రొత్తది కాదు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున గత శతాబ్ది మధ్యభాగమునకే కార్లను నేల నానునంతగా దించి ఊరేగుట ఒక సంప్రదాయమైనది. కారు ఏ భాగమును చక్రపు రిమ్ము దిగువ అంచుకంటె క్రిందికి దిగరాదని ఆ రాష్ట్రము 1958లో కట్టడి చేసెను. ఆ కట్టడిని రద్దుచేయు చట్టము 2023లో వచ్చినది. మనవారు ఈ పనిని మూడు విధముల చేయుదురు. పొట్టి స్ప్రింగులను కొని అమర్చుట ఒకటి. ఎత్తును మరలతో సవరించుకొనదగిన అమరికను పెట్టించుట రెండవది. ఉన్న స్ప్రింగును ఒకటి రెండు చుట్లు కోసివేయుట మూడవది. మూడవది చౌక. చౌకయైనది కనుకనే ఎక్కువమంది దానివైపు మొగ్గుదురు. చిక్కులును దానియందే ఎక్కువ.

మాకు అట్టి వేడుక లేదు, ఈ ప్రసంగముతో మాకేమి పని యని కొందరు అనుకొనవచ్చును. కాని కారును మనము దించకున్నను అది తనంతట తానే దిగును. పది పన్నెండేండ్లు మోసిన స్ప్రింగు అలసి క్రుంగును. ఐదుగురు కూర్చుండవలసిన కారులో పెండ్లివారు ఏడుగురెక్కి, వెనుక సారెబుట్టలును బియ్యపుబస్తాయు వేసికొని బొబ్బిలినుండి విజయనగరమునకు బయలుదేరినచో, ఆ ప్రయాణమంతసేపును అది దించిన కారే. కోరి దించిన కారునకు వర్తించు న్యాయమే దీనికిని వర్తించును.

మొదట మన ఎడ్లబండిని చూతము. బండిచక్రమునకు నడుమ కుండ, దానినుండి బయలుదేరిన ఆకులు, ఆకుల చివర పూటీలు, పూటీలపై ఇనుపకట్టు. రెండు చక్రములును ఒకే ఇరుసుకు సీలలతో నిలిచియుండును. ఇనుపకట్టు ఒక ప్రక్కనే మెరయుచు అరుగుచున్నచో చక్రము వాలినదనియో, ఇరుసు వంగినదనియో ఎరిగినవారు గ్రహింతురు. టైరును చూచి కారు రోగమును చెప్పు విద్యయు ఇదియే. అరసవిల్లి సూర్యనారాయణమూర్తి రథమునకు చక్రము ఒక్కటేయని పురాణములు చెప్పును గనుక ఆ స్వామికి ఈ చిక్కు లేదు. రెండు చక్రములు జతగా నడువవలసినప్పుడే ఒకదానితో ఒకటి సరిపడుట, సరిపడకుండుట అను ప్రశ్న పుట్టును. ఎడ్లబండికి స్టీరింగు లేదు, స్ప్రింగులు లేవు. కారునకు రెండును కలవు. స్టీరింగు చక్రమును ఎడమకు కుడికి త్రిప్పును. స్ప్రింగు చక్రమును పైకి క్రిందికి కదలనిచ్చును. ఈ రెండు కదలికలును ఒకదానిలో ఒకటి జోక్యము కలిగించుకొనకుండ చూచుటయే చక్రముల అలైన్‌మెంటు అను శాస్త్రము.

ఇందు ముఖ్యమైన కొలతలు మూడు. మెకానిక్కులు వానిని క్యాంబరు, టో, క్యాస్టరు అందురు. కారునకు ఎదుట నిలిచి చూచినప్పుడు చక్రము నిటారుగా నున్నదా, తల లోపలికి గాని వెలుపలికి గాని వాల్చినదా యను కొలత క్యాంబరు. తల లోపలికి వాలినచో దానిని నెగెటివ్ క్యాంబరు అందురు. ఆరువందల మిల్లీమీటర్ల ఎత్తుగల చక్రము ఒక డిగ్రీ వాలెననగా దాని తల క్రింది అంచుకంటె ఒక సెంటీమీటరు లోపలికి పోయినదన్నమాట. ఒక వ్రేలి వెడల్పైనను లేదు. కాని ఆ మాత్రము వాలుతోనే భారము టైరు లోపలి అంచుమీదికి ఒరుగును. మరియొక విశేషము కలదు. వాల్చి దొర్లించిన రూపాయి నాణెము తిన్నగా పోక తాను వాలిన వైపునకే తిరుగును. వాలిన చక్రమునకును అదే స్వభావము. రెండు ముందుచక్రములును లోపలికి వాలియున్నప్పుడు ఒకటి కుడికి, ఒకటి ఎడమకు తిరుగజూచును. కారు తిన్నగానే పోవును గాని ఆ పెనుగులాట వలన కలుగు రాపిడి టైరులమీదనే పడును.

ఇక టో. ఈ ఆంగ్లపదమునకు కాలివ్రేలని అర్థము. పైనుండి చూచినప్పుడు, నడచు మనుష్యుని కాలివ్రేళ్ళు లోపలికి గాని వెలుపలికి గాని తిరిగియున్నట్లు చక్రముల ముందుభాగములు తిరిగియుండుటయే టో. మూడు కొలతలలో టైరునకు ప్రబలశత్రువు ఇదియే. క్యాంబరు దోషమునే నిందించువారు పెక్కుమంది గలరు. కాని టో సరిగా నున్నచో కొంచెపు వాలును టైరు చాలకాలము సహించును. టో తప్పినచో సహింపదు. లెక్క వేసి చూతము. పదునాలుగు అంగుళముల రిమ్ము వ్యాసము సుమారు 356 మిల్లీమీటర్లు. ఆ రిమ్ము ముందు అంచు వెనుక అంచుకంటె కేవలము రెండు మిల్లీమీటర్లు ప్రక్కకు తిరిగియున్నదనుకొందము. అప్పుడు చక్రము ఒక కిలోమీటరు ముందునకు సాగునంతలో ఐదున్నర మీటర్లకు పైగా ప్రక్కకు పోజూచును. జతచక్రము ఎదురుగా లాగుటచే అది ప్రక్కకు పోలేదు. కావున ఆ దూరమంతయు రబ్బరు రోడ్డుమీద అడ్డముగా రాచుకొనవలసినదే. నూరు కిలోమీటర్ల ప్రయాణమున ఈ అడ్డపు రాపిడి అర కిలోమీటరును మించును. శ్రీకాకుళమునుండి విశాఖపట్టణమునకు పోయిన ప్రతిసారియు టైరును అర కిలోమీటరు దూరము అడ్డముగా ఈడ్చుకొనిపోయినట్లు భావింపవచ్చును. రెండు మిల్లీమీటర్లకే ఇంత ప్రభావము.

మూడవది క్యాస్టరు. చక్రము ఏ అక్షముపై కుడి ఎడమలకు తిరుగునో ఆ అక్షము పైకొన వెనుకకు వాలియుండును. సైకిలు ముందుఫోర్కు వాలును గమనించినవారికి ఇది సుబోధము. మలుపు తిరిగిన పిమ్మట స్టీరింగు తనంతట తాను తిన్నపడుటకు ఈ వాలు ముఖ్యకారణము. దీని వలన టైరు అరుగుదల స్వల్పమే. కాని కారు ముందుభాగమును వెనుకకంటె ఎక్కువ దించినచో ఈ వాలు తగ్గి స్టీరింగు తేలికబడి, వేగమున కారు నిలకడ తప్పినట్లుండును.

ఎత్తు తగ్గినంతమాత్రమున ఈ కొలతలేల మారవలెను? చక్రము కారునకు నేరుగా బిగింపబడియుండలేదు. లోపలి కొన తిరుగుడుబందుతో కారునకును, వెలుపలి కొన బాల్ జాయింటుతో చక్రమునకును కలిసియున్న ఒక చేయి చక్రమును పట్టుకొనియుండును. కారు క్రుంగినప్పుడు కారునుబట్టి చూడగా చక్రము పైకి లేచును. తలుపు అంచు విల్లుగా తిరిగినట్లే ఈ చేతి కొనయు విల్లుగా తిరుగును. ఎర్ల్ మాక్‌ఫెర్సన్ అను అమెరికను ఇంజనీరు పేరున ప్రసిద్ధమైన స్ట్రట్ అమరిక నేటి చిన్నకార్లలో ముందుచక్రములకు సర్వసాధారణము. 1983లో మన దేశమున వెలువడిన మారుతి 800లోను ఇదే యుండెను. ఇందు క్రింది చేయి మొదట వెలుపలివైపునకు కొంచెము వాలియుండును. కారు దిగినకొలది ఆ చేయి బల్లపరుపునకు వచ్చుచు చక్రపు పాదమును వెలుపలికి నెట్టును. తల లోపలికి వాలును. అనగా నెగెటివ్ క్యాంబరు పెరుగును. ఇంకను దించి ఆ చేయి వెలుపలికొన పైకి లేచినచో అప్పుడది పాదమును మరల లోపలికి లాగనారంభించును. అందుచే మలుపులలో చక్రమునకు కావలసిన వాలు చిక్కక, కారు మరింత ఒరుగును. ఎంత దించిన అంత స్థిరమను నమ్మకము ఇచ్చట తలక్రిందులగుచున్నది.

టో మారుటకు కారణము వేరు. స్టీరింగు కదలికను చక్రమునకు అందించు టై రాడ్డు మరియొక చేయి. దాని పొడవు వేరు, మొదలు వేరు. కావున అది తిరుగు విల్లును వేరు. కారు నిర్మించినవారు తాము నిర్ణయించిన ఎత్తున ఈ రెండు విల్లులును సాధ్యమైనంత ఏకమగునట్లు కూర్చుదురు. ఆ ఎత్తు తప్పిన క్షణమున అవి విడిపోవును. టై రాడ్డు ఇరుసురేఖకు ముందున్నదా వెనుకనున్నదా యను దానినిబట్టి కొన్ని కార్లలో చక్రములు లోపలికి, కొన్నింటిలో వెలుపలికి తిరుగును. ఇట్టి కారు గతుకులో పడినప్పుడు డ్రైవరు చేయి కదపకున్నను చక్రము తన దిక్కును మార్చుకొనును. వెనుకచక్రముల స్థితి వేరు. పెక్కు చిన్నకార్లలో వెనుక రెండు చక్రములను ఒకే ఉక్కుదూలము కలుపును. ఎత్తు తగ్గినను అచ్చట కొలతలు పెద్దగా మారవు. మారినను సులభముగా సవరింప వీలులేదు.

స్ప్రింగును కోసినవారు మరియొక విషయమును గమనింపరు. ఆరు చుట్లు పనిచేయుచున్న స్ప్రింగులో ఒక చుట్టు కోసినచో అది ఐదవ వంతు గట్టిపడును. కోసిన కొన తన పీటలో సరిగా కూర్చుండదు. కారు గతుకుపై ఎగిరినప్పుడు స్ప్రింగు వదులై పీటనుండి తొలగు ప్రమాదము గలదు. షాక్ అబ్సార్బరు కదలుటకు మిగిలిన చోటు తగ్గుటచే అది త్వరలో చెడును. అది చెడినచో చక్రము నేలపై ఆనక ఎగురుచు, టైరుమీద అక్కడక్కడ గుంటలు గుంటలుగా అరుగుదల కలుగును.

ఇప్పుడు టైరును చదువుట నేర్చికొందము. నడుమ మాత్రమే అరిగినచో గాలి ఎక్కువయినది. రెండంచులును అరిగి నడుమ నిలిచినచో గాలి తక్కువయినది. లోపలి అంచు మాత్రమే నున్నబడినచో చక్రము లోపలికి వాలినది, లేక చక్రముల ముందుభాగములు వెలుపలికి తిరిగినవి. వెలుపలి అంచు మాత్రమే అరిగినచో చక్రముల ముందుభాగములు లోపలికి తిరిగియుండవచ్చును. అరచేతిని టైరుమీద అడ్డముగా ఒకవైపునకు నిమిరి, మరల రెండవవైపునకు నిమురవలెను. ఒకవైపు నున్నగాను, రెండవవైపు రంపపుపండ్లవలె గరుకుగాను తగిలినచో అది టో దోషమునకు నమ్మదగిన గుర్తు. చేతిని జాగ్రత్తగా ఉంచవలెను. ఒక్కొక్కప్పుడు అంచున ఉక్కుతీగ బయటపడియుండును.

దించిన కారులో మోసమంతయు ఇచ్చటనే యున్నది. లోపలి అంచు కారు క్రింద దాగియుండును. వెలుపల నిలిచి చూచువానికి టైరు క్రొత్తదివలెనే కనబడును. నలువది వేల కిలోమీటర్లు నడువదగిన టైరు అందులో నాలుగవ వంతైనను నడువకముందే లోపలి అంచున తీగ కనబడు స్థితికి వచ్చుట అపూర్వము కాదు. టైరు గాడులలో 1.6 మిల్లీమీటర్ల ఎత్తున చిన్న గుబ్బలు పోసియుందురు. రబ్బరు వానితో సమమైనప్పుడు టైరు ఆయువు తీరినట్లు లెక్క. ఈ గుబ్బలను వెలుపలి గాడులలో మాత్రమే చూచి తృప్తిపడరాదు. ఆశ్వయుజ కార్తికములలో ఉత్తరాంధ్రతీరమునకు వాయుగుండములు క్రొత్త కావు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపముననే తీరము దాటెను. అట్టి వానలలో పదునారవ జాతీయ రహదారిపై రణస్థలమునుండి నరసన్నపేట వైపు వేగముగా పోవు కారును కాపాడునది టైరు గాడులే. నీటిని ప్రక్కలకు తోసివేయు గాడి లేనిచో టైరు నీటిపై తేలును. అప్పుడు స్టీరింగు లేదు, బ్రేకు లేదు. సగము నున్నబడిన టైరును ఎరుగక ఆలుబిడ్డలను ఎక్కించుకొని రాత్రివేళ బయలుదేరువాడు ధైర్యవంతుడు కాడు, సమాచారము లేనివాడు.

మన రోడ్లను గూర్చి ఒక మాట. 1934లో స్థాపితమైన ఇండియన్ రోడ్స్ కాంగ్రెసు స్పీడుబ్రేకరు ఎట్లుండవలెనో సూచించినది. దాని ప్రకారము ఎత్తు పది సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు, వంపు పదునేడు మీటర్ల వ్యాసార్ధము గలది. ముందు వెనుక చక్రముల నడుమ 2.4 మీటర్ల దూరము గల కారు దానిపై నిలిచినప్పుడు కారు పొట్టక్రిందికి చొచ్చు ఎత్తు నాలుగు సెంటీమీటర్లకు కొంచెమే ఎక్కువ. ఎట్లనగా చక్రములు కూడ ఆ గుట్టమీదనే కొంత ఎత్తున నుండును. కాని గ్రామముల నడుమ ఎవరికి తోచినట్లు వారు మట్టితోనో సిమెంటుతోనో వేసిన రెండడుగుల కట్ట అట్టిది కాదు. అది అదే పది సెంటీమీటర్ల ఎత్తు గలదైనను, చక్రములు నేలమీద నుండగా పది సెంటీమీటర్లును పొట్టక్రిందికే చొచ్చును. నూట అరువదియైదు మిల్లీమీటర్ల ఖాళీ గల కారును యాబది మిల్లీమీటర్లు దించినచో మిగిలినది నూటపదునైదు. ఐదుగురు ఎక్కిన పిమ్మట ఆ మిగులును హరించిపోవును. ఆయిలు తొట్టి కట్టకు తగులును. అంతకంటె ముందే, చక్రము కట్టను గట్టిగా తాకుటచే టై రాడ్డు వంగి, నిన్న సరిచేయించిన అలైన్‌మెంటు నేడు మరల తప్పును.

లారీల వృత్తికి పేరుపొందిన సాలూరు మనకు చేరువనే యున్నది. కోరాపుట్ ఘాటురోడ్డు ఎక్కిదిగు లారీలకు ముందు ఒకే ఉక్కు ఇరుసును, కమాన్ కట్టలును ఉండును. బరువు వేసినను ఇరుసు వంగదు గనుక క్యాంబరు మారదు. కాని ఆ లారీకిని టో కొలత తప్పదు. పెద్దటైరు ఖరీదెక్కువ గనుక ఆ తప్పు వెలయు ఎక్కువ. 1958 మొదలు 2014 వరకు తయారైన అంబాసిడరు కారునకు వెనుక కమాన్ కట్టలును, ముందు మెలితిరుగు ఉక్కుకడ్డీలును స్ప్రింగులుగా నుండెను. అమరిక ఏదైనను సూత్రమొక్కటే: నిర్మాత నిర్ణయించిన ఎత్తు వట్టి అంకె కాదు, మిగిలిన కొలతలన్నియు దానిమీద నిలిచినవి.

ఇంత తెలిసియు కారును దింపగోరువారు, లేక క్రుంగిన స్ప్రింగులను మార్పించువారు చేయదగిన పనులు ఇవి. స్ప్రింగులు మార్చిన వెంటనే ఒకసారియు, కొన్ని వందల కిలోమీటర్లు తిరిగి స్ప్రింగులు కుదురుకొనిన పిమ్మట మరియొకసారియు అలైన్‌మెంటు చూపింపవలెను. చూపించుటకు ముందు నాలుగు టైర్లలోను గాలి సరిచేయించి, బేరింగులు, బాల్ జాయింట్లు, టై రాడ్డు కొనలు వదులుగా నున్నవేమో పరీక్షింపజేయవలెను. వదులు జాయింటుపై చేసిన కొలత నీటిమీది వ్రాత. వెనుకచక్రములను ముందు కొలిచి, పిదప ముందుచక్రములకు రావలెను. అందును క్యాస్టరు, క్యాంబరు చూచిన తరువాతనే కడపట టో సవరింపవలెను. ఎందుకనగా క్యాంబరును సవరించిన ప్రతిసారియు టో మారును. పెక్కు కార్లలో నిర్మాత సవరణకు వీలుగా నుంచినది టో ఒక్కటే. క్యాంబరు హద్దు మీరియున్నచో సవరణ బోల్టులను వేయించవలెను, లేక కారును కొంత పైకి ఎత్తవలెను. యంత్రము ముద్రించి ఇచ్చు కాగితమున సవరణకు ముందటి కొలతలును, తరువాతి కొలతలును రెండును అడిగి తీసికొనవలెను. అంతా సరిపోయినదను మాటకంటె ఆ కాగితము విలువైనది. టైర్లను ముందువి వెనుకకు, వెనుకవి ముందునకు మార్చుట మంచిదే గాని అది అరుగుదలను నలుగురికి పంచునే కాని కారణమును తొలగింపదు.

చట్టమును గూర్చియు ఎరుగవలెను. నిర్మాత నిర్దేశించిన వివరములకు భిన్నమగునట్లు వాహనమును మార్చరాదని 1988 మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను చెప్పుచున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ సెక్షనును దృఢముగా సమర్థించినది. అదే సంవత్సరమున వచ్చిన సవరణ చట్టము, అనుమతి లేని మార్పు ఒక్కొక్కదానికి ఐదువేల రూపాయల జరిమానా గాని, ఆరునెలల వరకు ఖైదు గాని, రెండును గాని విధింపవచ్చునన్నది. కావున స్ప్రింగుమీద రంపము పెట్టుటకు ముందు రవాణా కార్యాలయమున విచారించుట వివేకము.

కారు నేలకు దగ్గరగా నుండుట కొందరి కంటికి ఇంపుగా నుండవచ్చును. మేము ఆ రుచిని ఆక్షేపించుట లేదు. కాని ఇంపును కొలుచు కన్ను టైరు లోపలి అంచును కూడ చూడవలెను. నెలకొకసారి స్టీరింగును ఒకవైపునకు పూర్తిగా త్రిప్పి, వంగి, ముందుటైరు లోపలి భాగమును చేతితో తడవి చూచుటకు ఐదు నిమిషములు చాలును. ఖర్చు లేదు, పనిముట్టు అక్కరలేదు. రెండు మిల్లీమీటర్ల తప్పును ముందుగా పట్టుకొనినవానికి టైరు మిగులును. వానరాత్రి రహదారిమీద ఆ టైరుపై ఆధారపడినవారును క్షేమముగా ఇల్లు చేరుదురు.